జల్లెడ కింద పడ్డవి

మార్చి 6

ఏమే పిచ్చుకా,

ముందు ఇంటి సంగతి చెప్పేస్తాను. సీలింగు మళ్ళీ కారుతోంది. పైవాళ్ల స్నానాలగదికి సరిగ్గా కింద నా మంచం ఉంది, నా రాత అలా ఉంది. ఇంటాయన్ని పిలిస్తే వచ్చి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, "తడిగానే ఉన్నట్టుందండీ" అని తేల్చి వెళ్లాడు. ఆ సంగతి కింద పెట్టిన బకెట్టుకి కూడా తెలుసు. మంచం కిటికీవైపు జరుపుకున్నాను. ఇప్పుడు పడుకుంటే ఎదుటి భవనం మెట్లు కనిపిస్తాయి. ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, దిగేవాళ్లు దిగుతుంటారు. కాలక్షేపానికి లోటు లేదు.

షాపులో రఫూ పని బాగానే వస్తోంది. డ్రైక్లీనింగుకి ఇచ్చేవాళ్లలో సగం మంది కన్నాలున్న బట్టలు ఇచ్చి, కన్నం మా మిషనే చేసిందంటారు. మొన్నొకాయన ఉన్ని కోటు తెచ్చాడు. జేబు కింద సిగరెట్టు కాలి వేలు దూరేంత కన్నం. "అసలు లేనట్టే చెయ్యాలి" అన్నాడు. కనపడకుండా చెయ్యగలనుగానీ లేకుండా చెయ్యలేనని చెప్పాను. మొహం అదోలా పెట్టుకుని వెళ్లాడు.

ఆ కోటు చూస్తే మీ అన్నయ్య గుర్తొచ్చారు. బస్సు నడిపి ఇంటికొస్తే ఆయన జేబుల్లో ఎప్పుడూ వేరుశెనగ పొట్టు ఉండేది. ఉతికేముందు జేబులు తిరగేసి దులిపేదాన్ని, రోజూ తిట్టేదాన్ని. ఆయన పోయి ఆరేళ్లయినా, ఏ కోటు చేతికొచ్చినా ముందు జేబులే తిరగేస్తాను. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మా షాపు బిల్డింగుకి లిఫ్టు బాగుచేసే ఆయన ఒకరు వస్తారు. రెండేళ్లుగా నెలకోసారి. లిఫ్టు ఆపి గోతిలోకి దిగేముందు "ఎవరూ మీట నొక్కకుండా కాస్త చూస్తారా" అని నన్నే అడుగుతారు. సూదీ దారం పట్టుకుని, లిఫ్టు గుమ్మం ముందు స్టూలేసుకుని కూర్చుంటాను. నెలకో గంట ఒక మనిషి ప్రాణం నా చేతిలో ఉంటుందన్నమాట. కిందనుంచి ఆయన ఏదో అంటారు, పైనుంచి నేనేదో అంటాను. అదీ మా పరిచయం. పోయిన నెల పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందంటారు" అన్నారు. ఏ సైజు బోల్టు కావాలని అడిగినట్టు అడిగారే! నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. తర్వాత ఇంటికొచ్చి మళ్ళీ నవ్వుకున్నాను. జూలై నుంచి ఆయన్ని కంపెనీ వేరే ఊరికి వేసిందట. మే ఆఖరుకల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. నాకు నలభై తొమ్మిదేళ్లు. నాకు ఇష్టమేనే, నీ దగ్గర దాచడమెందుకు. కానీ నాకంటూ మిగిలింది నువ్వొక్కదానివి. తొమ్మిదేళ్ల దానివప్పుడు నీకు జడలేసి బడికి పంపిన చేతులివి. రిజిస్ట్రారు ఆఫీసులో నావైపు సంతకం పెట్టాల్సింది నువ్వే. నీకు ఇష్టం లేకపోతే ఈ మాట ఇక్కడితో ఆపేస్తాను. కాదని రాయడానికి మొహమాటమైతే రాయకు. నువ్వేమీ అనకపోతే ఇష్టం లేదనే అర్థం చేసుకుంటాను.

ఫోను పెట్టించుకోమని మళ్ళీ మొదలుపెట్టకు. మీ అన్నయ్య వార్త చెప్పిన ఫోను అది, తీయించేశాక ప్రాణం హాయిగా ఉంది. పైగా ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ తెర చూసుకుంటూ ఉంటావు. కాగితమైతే కనీసం రెండు చేతులా పట్టుకోవాలి కదా.

నీ బూడిదరంగు స్వెట్టరు మోచేతి దగ్గర పోయిందన్నావు. పారేయకు, పార్శిల్ చెయ్యి. దాంతోపాటు కాస్త నువ్వెలా ఉన్నావో కూడా రాయి, వాతావరణం కాదు.

నీ వదిన


మార్చి 29

వదినా,

ఆలస్యమైంది, తిట్టుకో. సీలింగు విషయంలో ఇంటాయన్ని వదలకు. రోజూ వెళ్లి గుమ్మంలో నిలబడు. నువ్వు నిలబడితే ఎవరైనా దిగిరావాల్సిందే, నాకు తెలుసు. స్వెట్టరు ఇదే పార్శిల్లో పంపుతున్నాను. రెండో మోచేయి కూడా పోయేట్టుంది, చూడు.

ఎలా ఉన్నానో రాయమన్నావు. గది, ఆఫీసు, కంట్రోల్ రూము, కేంటీను. గది కిటికీలోంచి కంకర పరిచిన పార్కింగు కనిపిస్తుంది. కంట్రోల్ రూములో ముప్ఫై తెరలు, వాటిముందు నలుగురం. అన్నీ బాగుంటే ఎనిమిది గంటలు ఎవరితోనూ మాట్లాడే పనుండదు. అన్నీ బాగానే ఉంటున్నాయి.

"ఇంతకీ అక్కడ ఏం వెతుకుతావే" అని ఎప్పుడూ అడుగుతావుగా. ఈసారి సరిగ్గా చెబుతాను. భూమి లోపల గుండ్రటి సొరంగం ఉంది. అందులో ప్రోటాన్లనే కణాల గుంపులని రెండువైపుల నుంచీ ఇంచుమించు వెలుగంత వేగంతో తోలి ఒకదాన్నొకటి గుద్దిస్తాం. గుద్దుకున్నచోట వేరే కణాలు పుడతాయి. అన్నీ తెలిసినవే. తెలియనిదొకటి ఎప్పుడైనా పుడుతుందేమోనని కాపలా కాయడం నా పని. దాన్ని ఎవరూ చూడలేదు. ఉండొచ్చని కాగితాల మీద లెక్కలున్నాయి, అంతే.

చిక్కేమిటంటే, ఆ గుంపులు సెకనుకి నాలుగు కోట్లసార్లు ఎదురుపడతాయి. అంతా దాచుకునే చోటు ప్రపంచంలోనే లేదు. అందుకని జల్లెడ పడతాం. సెకనుకి ఒక వెయ్యి ఉంచుకుని మిగతావి పారేస్తాం. ఉంచాలా పారేయాలా అని తేల్చుకోవడానికి సెకనులో లక్షోవంతు కూడా ఉండదు. పారేసింది మళ్ళీ రాదు. ఆ జల్లెడకి నియమాలు రాసినవాళ్లలో నేనొకదాన్ని. పదేళ్ల కిందట చేరగానే ఇచ్చిన మొదటి పని అదే. గుద్దుకున్న చోటునుంచి బయల్దేరిన గీతలే అసలువి, మధ్యలో ఎక్కడినుంచో మొదలైన గీతలు చెత్త అని రాశాను. ఏడేళ్లు అలాగే నడిచింది. ఒకరోజు కేంటీనులో ట్రే పట్టుకుని వరసలో నిలబడి ఉండగా తట్టింది. పుట్టినచోటే పగలకుండా, ఒక మీటరు దూరం చడీచప్పుడు లేకుండా వెళ్లి, అక్కడ పగిలే కణం ఉంటే? దాని గీతలు మధ్యలోనే కదా మొదలవుతాయి! మరి అవన్నీ నేనే పారేయించానుగా! ట్రే అక్కడే పెట్టేసి వచ్చాను.

మూడేళ్ల కిందట నియమం మార్చాం. ఆ మూడేళ్ల సరుకులో ఇప్పుడు వెతుకుతున్నాను. అసలు అంకెలమీద మేమే ముసుగు కప్పుకుని, వెతికే పద్ధతంతా పక్కాగా రాసి, పదిమందీ ఒప్పుకున్నాకే ముసుగు తీస్తాం. ముందే చూస్తే కావాలనుకున్నదే కనిపిస్తుంది కదా. జూన్‌లో తీస్తారు.

నన్నడిగితే, వదినా, ఉన్నదానితో సర్దుకుపోవడమే నయమనిపిస్తోంది. కొత్తది కావాలని వెంపర్లాడడం మొదలుపెడితే ఉన్న ప్రశాంతత కూడా పోతుంది. తీరా చూస్తే అక్కడ ఏమీ ఉండదు, నలుగురిలో నవ్వులపాలు. నా పక్క సీటు గడ్డమాయన రోజూ ఇదే అంటాడు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు అతనన్నదే నిజమేమో అనిపిస్తోంది.

పిచ్చుక


ఏప్రిల్ 15

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పదలుచుకున్నది అర్థమైంది. చదువుకున్నదానివి, ఊరికే రాయవు, నాలుగువైపులా ఆలోచించే రాసుంటావు. నాకు కోపమేమీ లేదు.

మీ అన్నయ్య కూడా ఇంతే. దేన్నైనా కాదనాలంటే ఇంజను సంగతో టైర్ల సంగతో ఎత్తుకుని, అరగంట తర్వాత అసలు మాటకొచ్చేవారు. ఎదుటివాళ్ల మనసు నొచ్చుకోకూడదని. నువ్వూ అంతదూరం సొరంగాలూ కణాలూ తిప్పి తీసుకొచ్చి, చివర్న రెండు ముక్కల్లో తేల్చేశావు. నవ్వులపాలవుతానన్న మాట ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. అయినా నిజమేగా, ఈ వయసులో. లిఫ్టాయనకి ఇంకా చెప్పలేదు. మొన్న వచ్చినప్పుడు ఎప్పట్లాగే స్టూలేసుకుని కూర్చున్నాను. ఆయనా అడగలేదు. లోపల ఏదో బిగిస్తూ, "అక్కడి ఇంటికి కిటికీలు పెద్దవట" అన్నారు. నేను వినపడనట్టు ఉన్నాను. మే ఆఖరుదాకా గడువుంది. ఈలోగా నీ మనసు మారితే ఒక్క ముక్క రాయి, చాలు. మారకపోతే ఇక ఆ ఊసెత్తను.

స్వెట్టరు రెండు మోచేతులూ సరిచేశాను. రంగు దారం దొరక్క నాలుగు షాపులు తిరిగాను. ఎండలో పెట్టి చూసినా కనిపెట్టలేవు. పార్శిల్ వారంలో వస్తుంది. వేసుకో, దాచుకోకు.

నీ వదిన


మే 4

వదినా,

నీకు అర్థమైందన్న మాట చదివి ఎగిరి గంతేశాను. నిజం! మూడేళ్లుగా మా వాళ్లకి చెప్పలేక చస్తున్న సంగతి నీకు ఒక్క ఉత్తరంలో ఎక్కింది. శుక్రవారం మీటింగులో పెద్దావిడ (మా గుంపుకి నాయకురాలు, తలనెరిసిన మనిషి, ఎవరినీ కూర్చోనివ్వదు) నా పద్ధతి తికమకగా ఉందంది. నాకు చిర్రెత్తుకొచ్చి నీ ఉత్తరం సంగతి చెప్పాను. "మా వదిన డ్రైక్లీనింగ్ షాపులో రఫూ చేస్తుంది. ఆవిడకి అర్థమైంది, మీకేం రోగం?" అన్నాను. హాలంతా ఒకటే నవ్వు. గడ్డమాయనైతే కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఇక్కడ నువ్వు బాగా పేరున్న మనిషివి.

ఇక మార్పులేవీ లేవు. పోయిన వారమే అంతా ఖాయం చేసేశాం. మా దగ్గర ఒకసారి నిర్ణయించాక మధ్యలో మనసు మార్చుకోవడం పెద్ద తప్పు కింద లెక్క. మనసు ఎంత పీకినా, ఎవరడిగినా, అనుకున్నది అనుకున్నట్టే ఉంచాలి. నాకది కష్టమే కాలేదు.

స్వెట్టరు వచ్చింది. దీపం కింద పెట్టి వెతికాను, నీ కుట్టు దొరకలేదు. ఓడిపోయాను.

ఒక సంగతి చెప్పనా? నిన్న శనివారం. శుక్రవారం మీటింగు తర్వాత ఇవాళ కేంటీనులో "కాఫీ" అనేదాకా నేను ఎవరితోనూ ఒక్కమాట మాట్లాడలేదు. గొంతు బొంగురుగా వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాను. కౌంటరులో మనిషి "జలుబా" అని అడిగితే, అవునన్నాను. ఇంకేం చెబుతాం.

పిచ్చుక


జూన్ 2

మరదలికి,

చెప్పేశాను. విషయం ముగిసింది. ఆయన "సరేనండి" అన్నారు, అంతే.

అక్కడ నవ్వుకున్న పెద్దమనుషులకి ఈ మాట కూడా చెప్పు. వాళ్ల సరదా మధ్యలో ఆగిపోకూడదు.

ఒంట్లో బాగానే ఉంది. షాపులో పని ఎక్కువగా ఉంది. ఇకమీదట పెద్ద ఉత్తరాలు రాయడానికి వీలుపడదు.

వదిన


జూన్ 19

వదినా,

"మరదలికి" ఏమిటి వదినా? కరెంటు ఆఫీసునుంచి నోటీసొచ్చినట్టుంది. నిన్ను మీటింగులో ఎత్తినందుకు కోపమొచ్చినట్టుంది. వాళ్లు నిన్ను చూసి నవ్వలేదే తల్లీ, నన్ను చూసి నవ్వారు. అయినా తప్పు నాదే, లెంపలేసుకుంటున్నాను. మొత్తానికి ఇంటాయనకి గట్టిగా చెప్పేశావన్నమాట. "సరేనండి" అన్నాడంటే ఈసారి సీలింగు బాగుచేయించి తీరతాడు.

మొన్న మంగళవారం పొద్దున పదకొండింటికి ముసుగు తీశాం. చిన్న హాలు, ఇరవైమందిమి. కుర్చీలు చాలక గడ్డమాయన కిటికీ అంచుమీద కూర్చున్నాడు. పెద్దావిడ నన్నే మీట నొక్కమంది. మేం వెతికేలాంటి గీతలు వేరే మామూలు కారణాలవల్ల కూడా అప్పుడప్పుడూ పడతాయి. మూడేళ్ల సరుకులో అలాంటివి రెండు పడతాయని ముందే లెక్కగట్టాం. ఐదో ఆరో కనిపిస్తే గుండె ఆగేది. నొక్కాను.

రెండు.

అంతే వదినా. సరిగ్గా రెండు. అంటే కొత్తదేమీ లేదు. గడ్డమాయన కిటికీ అంచుమీంచి దిగాడు. తర్వాత చప్పట్లు కొట్టారు. లెక్క అంత కచ్చితంగా కుదిరినందుకు కొట్టాలి, అదీ మర్యాదే. పెద్దావిడ వచ్చి భుజం మీద చెయ్యేసి, "లేదని తేల్చడం కూడా పనే" అంది. తెలుసు. నేనే ఎంతమందికో చెప్పాను ఆ మాట. కాఫీ తాగారు. పన్నెండున్నరకల్లా హాలు ఖాళీ. కుర్చీలు సర్దేసి నేనూ గదికొచ్చేశాను.

ఈ మూడేళ్లలో లేదు, సరే. అంతకుముందు ఏడేళ్లు నేను పారేయించినవాటిలో ఉందో లేదో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మా పరిశోధన పేపరులో ఆ మాట ఒక్క వాక్యంలో రాస్తాం. "అంతకుముందటి సమాచారం అందుబాటులో లేదు" అని.

నీకు చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి నువ్వే ఉన్నావు. కాస్త పెద్ద ఉత్తరం రాయి వదినా, షాపుపని ఎప్పుడూ ఉండేదేగా.

పిచ్చుక


జూలై 7

వదినా, వదినా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు రాయలేదు. రెండు వారాలు చూశాను. నిన్న ఆదివారం, వాన, గదిలో తోచక, నీ పాత ఉత్తరాలన్నీ డ్రాయరులోంచి తీసి మంచంమీద పరుచుకున్నాను. మార్చి ఆరో తారీకుది మొదటినుంచి చివరిదాకా చదివాను. మొదటిసారి చదివాను. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి, ముందు ఇది విను.

నీ ఉత్తరాలు నేను మొత్తం చదవను. మొదటి పేరా చదువుతాను, చివరి పేరా చదువుతాను. మధ్యది ఆదివారం చదువుదామని డ్రాయరులో పెడతాను. ఆ ఆదివారం రాదు. పని వల్ల కాదు. నీ ఉత్తరం మధ్యలో ఎప్పుడూ అన్నయ్య ఉంటాడు. ఒకసారి బనీను కన్నం, ఒకసారి ఈల, ఒకసారి వేరుశెనగ పొట్టు. ఆయన పోయిన ఏడాది నీ ఉత్తరం ఒకటి ఆఫీసులో చదివి, టాయిలెట్టులోకెళ్లి తలుపేసుకుని గంటసేపు బయటికి రాలేదు. అప్పట్నుంచి "మీ అన్నయ్య" అన్న మాట కనపడగానే కళ్లు ఆ పేరా వదిలేసి కిందికి దిగిపోతాయి. ఆరేళ్లుగా అదే. అలవాటైపోయి అది తప్పని కూడా మర్చిపోయాను. నువ్వు అసలు మాట సరిగ్గా అక్కడ రాశావు. నేను సీలింగుకీ స్వెట్టరుకీ జవాబిచ్చాను.

సర్దుకుపోవడం గురించి నేను రాసింది నా కణం గురించి వదినా. నీ గురించి కాదు. మనసు మార్చుకోకూడదన్నది మా పద్ధతి గురించి. వాళ్లు నవ్వింది నా మాటకి. ఎవరికీ ఏమీ తెలియదు, నాకే తెలియదు కదా! ఒక్కొక్క ముక్కా నీకెలా తగిలి ఉంటుందో నీ జవాబుల్లో ఇప్పుడు వరసగా చదువుకుంటున్నాను. "చెప్పేశాను" అని నువ్వు రాస్తే ఇంటాయన సీలింగు బాగుచేయిస్తాడని సంబరపడ్డాను. నాలాంటి తెలివితక్కువదాన్ని ఎక్కడైనా చూశావా?

నాకు ఇష్టం. వెయ్యిసార్లు ఇష్టం. సంతకం కాదు, నువ్వు చెప్పిన చోటల్లా వేలిముద్రలు కూడా వేస్తాను. ఆయన ఏ ఊరు వెళ్లారో కనుక్కో. పొద్దున మీ షాపు నంబరు సంపాదించి ఫోను చేశాను. "ఆవిడ సెలవులో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదు" అని పెట్టేశారు. నీకు ఒంట్లో బాగా లేదా? పక్కింటివాళ్ల నంబరైనా నా దగ్గర లేదు. ఒక్క ముక్క రాయి. ఈసారి ప్రతి అక్షరం చదువుతాను, పోస్టల్ ముద్రతో సహా.

పిచ్చుక


జూలై 30

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. పకపకా నవ్వాను, పైవాళ్లు నేలమీద తట్టేదాకా. తర్వాత ఆ కాగితం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత నీమీద కోపమొచ్చింది, అది మూడురోజులుంది. ఆ మూడురోజులూ రాయకూడదని ఆగాను. నా ఉత్తరాలకి కూడా జల్లెడ పట్టావు కదే, దొంగమొహమా!

ఒంట్లో బాగానే ఉంది. సెలవు పెట్టింది లిఫ్టు చూడలేక. జూలై మొదటివారంలో కొత్త మనిషి వచ్చాడు. నేను అలవాటుకొద్దీ స్టూలు తీసుకెళ్లాను. అతను నన్ను విచిత్రంగా చూసి, పెట్టెలోంచి ఒక బోర్డు తీసి గుమ్మానికి తగిలించాడు. "లిఫ్టు పనిచేయదు, మీట నొక్కకండి" అని ఎర్రటి అక్షరాలు. "ఇది కొత్తగా ఇచ్చారా" అని అడిగాను. "లేదమ్మా, ఈ పెట్టెతోపాటే ఉంటుంది, అందరి దగ్గరా ఉంటుంది, ఎన్నో ఏళ్లనుంచి" అన్నాడు. పైగా మీట నొక్కినా లిఫ్టు కదలదట, కిందకి దిగేముందే కరెంటు తీసేస్తారట. రెండేళ్లు, నెలకోసారి, ఆ మనిషి బోర్డు పెట్టెలో పెట్టుకుని నన్ను కాపలా కూర్చోబెట్టారు పిచ్చుకా. నేనేమో ఆయన ప్రాణం కాపాడుతున్నాననుకున్నాను. స్టూలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

నిన్ను తిడుతూనే నాలుగురోజులు ఆలోచించాను. తప్పంతా నీదే కాదు. నిన్ను అడిగాననుకున్నాను గానీ నేను అడిగింది మీ అన్నయ్యని. ఆయన్ని అడగలేక ఆయన చెల్లెల్ని అడిగాను. ఏమీ అనకపోతే కాదనే అనుకుంటానని ముందే ఎందుకు రాశానంటావ్? కాదనిపించుకోవాలనే. కాదంటే నాకు పనుండదు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఎవరిముందూ సిగ్గుపడక్కర్లేదు, మంచం కిటికీవైపు ఉంటుంది, మెట్లు ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు. నీ ఉత్తరంలో కాదనేది ఎక్కడా లేదు. దొరికేదాకా నేనే వెతికాను. మీరు ముసుగు కప్పుకుని వెతుకుతారన్నావే, నాకూ ఒకటి కావలసింది.

ఆయన కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. కౌంటరులో అమ్మాయి "మీరు ఆయనకేమవుతారు" అంది. "లిఫ్టు దగ్గర కూర్చునేదాన్ని" అన్నాను.  ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి చిరునామా రాసిచ్చింది. పద్దెనిమిదో తారీకున ఆయనకి ఉత్తరం వేశాను. నాలుగు పంక్తులు. మా మరదలి జవాబు నేను తప్పుగా చదివానని, ఇప్పటికీ అడిగే ఉద్దేశం ఉంటే నాకు ఇష్టమేనని. మధ్యలో ఏమీ పెట్టలేదు, ముందూ వెనకా ఏమీ లేదు.

ఇవాళ్టికి పన్నెండు రోజులు. జవాబు లేదు. ఇల్లు మారారేమో, అందలేదేమో, అంది కూడా రాయడం లేదేమో. "సరేనండి" అన్నప్పుడు ఆయన మొహం చూశాను కాబట్టి ఏదీ గట్టిగా అనుకోలేకపోతున్నాను. పొద్దున పోస్టు వచ్చే వేళకి కింద గుమ్మంలో నిలబడుతున్నాను. పోస్టుమాన్ నన్ను చూసి దూరంనుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు పాపం.

నీకు సెలవులు మిగిలే ఉంటాయి, నువ్వు వాడవుగా. బట్టలు సర్దుకుని వచ్చెయ్. ఆయనకోసం కాదు, సంతకానికీ కాదు. పదేళ్లు వస్తుందో రాదో తెలియనిదాని కోసం కూర్చున్నదానివి, ఎలా కూర్చోవాలో నీకు తెలుసు. నాకు చేతకావడం లేదే. వచ్చి నా పక్కన కూర్చో.

నీ వదిన